పాత లారీకి మిగిలిన దారులు

లారీకి వయసు పెరిగే కొద్దీ అది తిరగగలిగిన దేశం చిన్నదవుతుంది. కొత్తగా ఉన్న రోజుల్లో కొల్లేరు చేపను హౌరాకూ అస్సాంకూ మోసిన బండి, పదిహేనేళ్లు నిండేసరికి రాష్ట్ర సరిహద్దుల లోపలికీ, మరికొన్నేళ్లకు ఒకటి రెండు జిల్లాల లోపలికీ పరిమితమై, చివరకు బందరు, గుడివాడ, దివిసీమల నడుమ ధాన్యం, ఐసు, చేపల మేత, ఇటుక, మట్టి మోసే స్థానిక వాహనంగా స్థిరపడుతుంది. ఇది యంత్రం అరిగిపోవడం వల్ల మాత్రమే జరిగే మార్పు కాదు; పర్మిట్ల నిబంధనలు, బీమా, ఫిట్‌నెస్ రుసుములు, డీజిల్ ధర, సరుకు పంపేవారి అవసరాలు అన్నీ కలిసి దీనిని నిర్ణయిస్తాయి. గిలకలదిండి చేపల రేవు పరిసరాల్లోనూ, దిగువ కృష్ణా డెల్టా అంతటా పాత లారీ నడుపుకుని బతికే కుటుంబాలకు రాబడి ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఇంకిపోతుందో తెలుసుకోవాలంటే ముందు ఈ కుదింపును అర్థం చేసుకోవాలి.

నీటి దారి నుంచి తారు దారికి

ఈ ప్రాంతంలో బరువైన సరుకు మొదట నీటి మీద నడిచింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు సాగునీటి కోసమే కాక పడవల రాకపోకల కోసం కూడా ఏర్పడ్డాయి కనుక, ధాన్యపు బస్తాలు చాలాకాలం బందరు కాలువ మీదనే ప్రయాణించాయి. 1908లో విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చాక సరుకులో కొంత భాగం దానికి మళ్లింది. అయితే పడవ కాలువను వదలలేదు, రైలు పట్టాను వదలలేదు. పొలం గట్టు నుంచి మిల్లు గుమ్మం దాకా, రేవు మెట్టు నుంచి ఐసు కర్మాగారం దాకా ఒకే ఎగుమతి, ఒకే దిగుమతితో సరుకును చేర్చగలిగినది లారీ ఒక్కటే కావడం వల్ల, 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీల తయారీ మొదలై, 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారిన తరువాతి దశాబ్దాల్లో డెల్టా రవాణా క్రమంగా రోడ్డెక్కింది.

నేడు ఈ ప్రాంతానికి మూడు జాతీయ రహదారులు ఆధారం. పుణే నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు రహదారి మచిలీపట్నంలో, అంటే బందరులో, ముగుస్తుంది; కత్తిపూడి నుంచి ఒంగోలుకు కోస్తా వెంబడి సాగే 216వ నంబరు రహదారి బందరును, అవనిగడ్డను కలుపుతుంది; పామర్రు దగ్గర మొదలయ్యే 165వ నంబరు రహదారి గుడివాడ మీదుగా భీమవరం వైపు వెళుతుంది. 2006లో పెనుమూడి, పులిగడ్డల మధ్య కృష్ణపై వంతెన తెరుచుకున్నాక, అంతకుముందు విజయవాడ మీదుగా చుట్టు తిరగవలసిన లారీ దివిసీమ నుంచి నేరుగా రేపల్లెకు దాటగలిగింది. కానీ సరుకు పుట్టేది ఈ రహదారుల మీద కాదు. అది కాలువ గట్ల మీద, చెరువుల కట్టల మీద, ఎదురుగా మరో బండి వస్తే తప్పుకునే చోటు లేని ఊరి దారుల్లో పుడుతుంది. పొడవైన ట్రెయిలర్లూ పదునాలుగు టైర్ల లారీలూ మలుపు తిరగలేని ఆ దారుల్లోనే ఆరు టైర్ల, పది టైర్ల పాత లారీకి ఇంకా పని ఉంది.

వయసును కొలిచే నిబంధనలు

మోటారు వాహనాల చట్టం సరుకుతో కలిపి 12,000 కిలోల బరువు దాటే బండిని భారీ సరుకు వాహనంగా పరిగణిస్తుంది. అటువంటి బండి రాష్ట్రం దాటి నడవాలంటే నేషనల్ పర్మిట్ ఉండాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 88వ నిబంధన ప్రకారం ఈ పర్మిట్ రెండు ఇరుసుల లారీకి, అంటే ఆరు టైర్ల బండికి, 12 ఏళ్ల వయసు వరకే చెల్లుతుంది. అంతకంటే ఎక్కువ ఇరుసులున్న లారీకి ఆ గడువు 15 ఏళ్లు. ఇంజను ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఆ గడువు తీరిన రోజునే దూరప్రాంతాల కిరాయిలు ఆగిపోతాయి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగాక ఈ నిబంధన ప్రభావం మరింత బరువెక్కింది. బందరు నుంచి హైదరాబాదుకో ఖమ్మానికో చేసే ప్రయాణం అంతకుముందు సొంత రాష్ట్రంలోని ప్రయాణం కాగా, ఆ తరువాత అది అంతర్రాష్ట్ర ప్రయాణంగా మారి, నేషనల్ పర్మిట్ పోగొట్టుకున్న పాత లారీకి ఆ మార్కెట్లు కూడా దూరమయ్యాయి.

రెండో కొలత ఫిట్‌నెస్ ధ్రువపత్రం, అనగా బండి రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉన్నదని ఇచ్చే అనుమతి. బండికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు దీనిని రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా పొందాలి. కేంద్రం 2021 అక్టోబరులో ప్రకటించి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం 15 ఏళ్లు దాటిన భారీ లారీకి ఈ పత్రం పునరుద్ధరణ రుసుము 12,500 రూపాయలైంది, గడువు దాటాక ఆలస్యమైన ప్రతి రోజుకూ 50 రూపాయలు అదనం. 2025 నవంబరులో కేంద్రం వయసును బట్టి రుసుములను మళ్లీ పెంచి, 20 ఏళ్లు దాటిన భారీ వాహనాల పరీక్షకు 25,000 రూపాయలుగా నిర్ణయించింది. వీటికి తోడు మూడు నెలలకోసారి కట్టే రోడ్డు పన్ను, పాత బండ్లపై విధించే గ్రీన్ ట్యాక్స్ ఉన్నాయి. లారీ యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి వినతులు ఇచ్చిన తరువాత ఈ గ్రీన్ ట్యాక్స్‌ను 2025లో రాష్ట్ర ప్రభుత్వం తగ్గించింది.

ప్రజల్లో ఒక అపోహ బలంగా ఉంది కనుక ఇక్కడ స్పష్టత అవసరం. పదిహేనేళ్లు దాటిన ప్రతి లారీనీ తుక్కు చేయాలన్న చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై కోర్టు ఉత్తర్వులతో వచ్చిన నిషేధం ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ కోల్పోయేవి ప్రభుత్వ వాహనాలు. 2021 ఆగస్టు 13న ప్రారంభమైన తుక్కు విధానం ప్రైవేటు లారీ విషయంలో వయసును కాక ఫిట్‌నెస్‌ను ప్రమాణంగా తీసుకుంటుంది. అందువల్ల పరీక్షలో నెగ్గినంత కాలం పాత లారీకి జీవించే హక్కు ఉన్నట్టే, కానీ ఆ హక్కు వెల ఏటేటా పెరుగుతోంది.

అమెరికాలో ఇందుకు విరుద్ధమైన పరిస్థితి కనిపిస్తుంది. అక్కడ 2017 డిసెంబరు నుంచి డ్రైవరు పని గంటలను నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం లారీల్లో తప్పనిసరి కాగా, 2000కు ముందు నమూనా ఇంజన్లున్న బండ్లకు మినహాయింపు దొరికింది. అక్కడ పాతదనం ఒక నిబంధన నుంచి విడుదల ఇస్తే, ఇక్కడ ప్రతి ఏడూ మరో నిబంధనను తెచ్చిపెడుతుంది.

పోటు, పాటు, పంట

పరిధి కుదించుకున్న లారీ స్థానిక సరుకు మీదనే బతకాలి కనుక, దాని ఏడాది డెల్టా ఏడాదితో ముడిపడి ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో సార్వా కోతలు మొదలైనప్పుడు కల్లాల నుంచి మిల్లులకు ధాన్యం తరలింపు ఊపందుకుంటుంది. సరుకుతో కలిపి 16.2 టన్నుల వరకు అనుమతి ఉన్న పాత ఆరు టైర్ల లారీ, తన సొంత బరువు ఆరు టన్నుల వరకు తీసివేస్తే, పది టన్నుల ధాన్యం మోయగలుగుతుంది. అంటే ఈ ప్రాంతంలో వాడుకలో ఉన్న 75 కిలోల బస్తాలు సుమారు 133. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపాను సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తే, తడవకముందే ధాన్యాన్ని మిల్లుకు చేర్చాలని రైతులందరూ ఒకేసారి బండి కోసం వెతుకుతారు. అటువంటి వేళ దూరప్రాంతాల కిరాయిల్లో ఉన్న కొత్త లారీలు అందుబాటులో ఉండవు, ఊళ్లో ఉన్న పాత లారీయే ఆదుకుంటుంది.

రేవు దగ్గరి పని వేరే గడియారాన్ని అనుసరిస్తుంది. గిలకలదిండి దగ్గర పడవలు సముద్రంలోకి వెళ్లి వచ్చే ముఖద్వారాన్ని మత్స్యకారులు మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేయడం వల్ల పాటు సమయంలో, అంటే నీరు తీసినప్పుడు, పెద్ద పడవలు లోపలికి రావడం కష్టమై, పోటు కోసం ఆగవలసి వస్తుంది. ఫలితంగా చేపల కోసం వచ్చిన లారీ కూడా పోటు కోసమే ఎదురుచూస్తుంది. ఈ నిరీక్షణకు కిరాయి ఉండదు. ఐసు మాత్రం కరుగుతూనే ఉంటుంది. దూరప్రాంతాలకు వెళ్లే చేప కొత్త లారీల్లోనే ఎక్కువగా వెళుతుంది, ఎందుకంటే దారిలో బండి ఆగిపోతే సరుకు మొత్తం పాడవుతుంది. పాత లారీ చేసే పని ఆ ప్రయాణానికి ముందూ వెనుకా ఉంటుంది: రేవుకు ఐసు తేవడం, కైకలూరు, ముదినేపల్లి, బంటుమిల్లి ప్రాంతాల చెరువులకు మేత చేర్చడం, చెరువు గట్టు నుంచి ప్యాకింగ్ జరిగే చోటికి చేపను తరలించడం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడేందుకు విధించే ఈ విరామంలో రేవు సరుకు దాదాపు నిలిచిపోతుంది. అర్హులైన మత్స్యకార కుటుంబాలకు ఈ రోజుల్లో ప్రభుత్వ భృతి అందుతుంది కానీ, అదే వేట మీద ఆధారపడిన లారీ డ్రైవరును ఎవరూ ఆ లెక్కలో చేర్చలేదు. వేసవిలో చెరువుల తవ్వకం, మెరక పనుల కోసం మట్టి, ఇటుక తోలకం దొరికితే ఆ రెండు నెలలు గడుస్తాయి; లేకపోతే బండి చెట్టు కింద నిలిచే ఉంటుంది.

కిస్తీ లేని బండి లెక్క

పాత లారీకి ఉన్న గొప్ప బలం దాని మీద కిస్తీ తక్కువగా ఉండడం, లేదా అసలు లేకపోవడం. కొత్త లారీ కొన్నవారు సరుకు ఉన్నా లేకున్నా నెలనెలా వాయిదా కట్టాలి, అందుకోసం నష్టపు కిరాయికి కూడా ఒప్పుకోవలసి వస్తుంది. పాత బండి యజమాని గిట్టని కిరాయిని వదులుకుని ఇంటి దగ్గర ఉండగలడు. డ్రైవరుగా పనిచేసిన మనిషి యజమాని కావడానికి దారి చూపేది కూడా పాత బండే. పాత లారీల మీద అప్పు ఇవ్వడాన్నే ప్రధాన వ్యాపారంగా చేసుకుని 1979లో చెన్నైలో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ దేశంలోని పెద్ద రుణ సంస్థల్లో ఒకటిగా ఎదగడమే ఈ దారి ఎంత విశాలమైనదో తెలియజేస్తుంది. తనే యజమాని, తనే డ్రైవరు అయిన వ్యక్తికి జీతం, బత్తా బయటికి పోవు; బత్తా అంటే ప్రయాణంలో తిండికీ ఖర్చులకూ డ్రైవరుకు రోజువారీగా ఇచ్చే సొమ్ము.

ఈ మిగులును తినివేసేవి నాలుగు. మొదటిది డీజిల్. గిలకలదిండి నుంచి విజయవాడకు సుమారు 75 కిలోమీటర్లనుకుంటే, రానూపోనూ 150 కిలోమీటర్లకు, లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున, 37 లీటర్లకు పైగా డీజిల్ కావాలి; లీటరు 97 రూపాయల ధర లెక్కన అది 3,600 రూపాయలు దాటుతుంది. తిరుగు ప్రయాణంలో సరుకు దొరకకపోతే ఒకవైపు కిరాయే రెండువైపుల డీజిలునూ భరించాలి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయింది, రాష్ట్రంలో వ్యాట్ 22.25 శాతం కాక లీటరుకు మరో నాలుగు రూపాయలు, రహదారుల సెస్సుగా ఒక రూపాయి కలుస్తాయి. దూరం వెళ్లే లారీ పన్ను తక్కువగా ఉన్న కర్ణాటకలో ట్యాంకు నింపుకుని వస్తుంది. పర్మిట్ పోయిన పాత లారీకి ఆ వెసులుబాటు ఉండదు.

రెండోది బీమా. ప్రమాదంలో ఇతరులకు జరిగే నష్టానికి పరిహారం చెల్లించే థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. దాని ప్రీమియం బండి బరువును బట్టి ఉంటుందే తప్ప వయసును బట్టీ, రాబడిని బట్టీ ఉండదు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 12,000 నుంచి 20,000 కిలోల మధ్య బరువున్న సరుకు వాహనానికి ఇది ఏడాదికి 35,313 రూపాయలు, పన్ను అదనం. నెలలో 25 రోజులు తిరిగే కొత్త లారీకి ఇది పెద్ద భారం కాకపోవచ్చు. ఏడాదిలో 200 రోజులు మాత్రమే పని దొరికే పాత లారీకి, తిరిగిన ప్రతి రోజు మీదా దాదాపు 177 రూపాయలు బీమా కిందనే పడతాయి.

మూడోది బరువు. 2018 జూలైలో కేంద్రం లారీల ఇరుసు బరువుల పరిమితిని పెంచి, రెండు ఇరుసుల లారీ మొత్తం బరువును 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీ బరువును 25 నుంచి 28.5 టన్నులకు తీసుకువెళ్లింది. దీనితో కొత్త బండి ఒక ట్రిప్పులో ఎక్కువ మోసి టన్ను కిరాయిని తగ్గించగలిగింది; పాత బండికి మాత్రం దాని రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసిన బరువే హద్దు. పోటీకి తట్టుకోవాలని హద్దు మీరితే, 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, మించిన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు కట్టాలి. ఒక్కసారి పట్టుబడితే అనేక ట్రిప్పుల మిగులు పోతుంది. అంతకంటే ముఖ్యంగా, బరువు మించిన పాత బండికి బ్రేకు పట్టే దూరం పెరిగి ఎదుటివారి ప్రాణం ప్రమాదంలో పడుతుంది.

ఉప్పుగాలి, నల్లమట్టి, చేతిపని

నాలుగోది మరమ్మతు, పాత లారీ బతుకు అసలు తేలేది ఇక్కడే. సముద్రపు గాలిలోని ఉప్పు, చేపల ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు ఛాసిస్‌ను, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాన్ని, కింది నుంచి తినివేస్తాయి. క్యాబిన్ అడుగు రేకు చిల్లులు పడుతుంది, వైర్ల కొనలు పచ్చబారి దీపాలు వెలగవు, బ్రేకులకు గాలి తీసుకుపోయే గొట్టాలు పలచబడతాయి. ఎయిర్ బ్రేకు ఒత్తిడి గాలితో పనిచేస్తుంది. తేమగాలి ట్యాంకులో నీరై పేరుకుంటుంది కాబట్టి రోజూ దానిని వదిలివేయకపోతే లోపలి భాగాలు తుప్పు పడతాయి. ఇక వానకు మెత్తబడి ఎండకు బీటలు వారే నల్లరేగడి నేల మీద వేసిన దారులు ఎగుడుదిగుడై, కమాను కట్టలను విరుస్తాయి. రేవు నుంచి రాగానే బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగడం, గ్రీజు పట్టించడం, కమాను కట్టలు చూసుకోవడం అనే అలవాట్లున్న డ్రైవరుకూ లేని డ్రైవరుకూ మధ్య తేడా ఏడాది చివర వేల రూపాయల్లో కనిపిస్తుంది.

పాత ఇంజనుకు ఒక సుగుణం ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలున్న వాహనాలనే అమ్మాలన్న నియమం వచ్చాక లారీ ఇంజన్లలో సెన్సర్లు, కంప్యూటరు, పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం చోటు చేసుకున్నాయి. వాటిలో లోపం వస్తే కంపెనీ సర్వీసు కేంద్రానికి తీసుకుపోవలసిందే. అంతకుముందరి పాత లారీల్లో డీజిలును సిలిండర్లకు పంపే పంపూ నాజిళ్లూ పూర్తిగా యాంత్రికమైనవి కనుక, శబ్దం విని, పొగ రంగు చూసి లోపాన్ని పసిగట్టగల స్థానిక మెకానిక్కు వాటిని రోడ్డు పక్కనే విప్పి సరిచేయగలడు. ఇంజను బోరుకు వచ్చినా, గేర్‌బాక్సు మార్చవలసి వచ్చినా, కొత్త బాడీ కట్టించాలన్నా, వందల షెడ్లు, విడిభాగాల దుకాణాలు ఒకేచోట ఉన్న విజయవాడ జవహర్ ఆటోనగర్ గంటన్నర, రెండు గంటల దూరంలోనే ఉంది. డెల్టాలో పాత లారీలు ఇంతకాలం నిలవడానికి ఆటోనగర్ పనివారి నైపుణ్యం ఒక ముఖ్య కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు. అయితే యాంత్రిక ఇంజను వదిలే నల్లటి పొగను ముందుగా పీల్చేది అదే డ్రైవరు, అదే మెకానిక్కు అన్న సంగతిని కూడా మరువరాదు.

డ్రైవరు భరించే బాకీ

కిస్తీ లేని బండి మిగులులో కొంత భాగం నిజానికి డ్రైవరు శరీరం నుంచి వస్తుంది. పవర్ స్టీరింగ్ లేని బండిని ఇరుకు దారుల్లో తిప్పే భుజాలు, ఇంజను వేడి నేరుగా తగిలే కాళ్లు, గతుకులను భరించే నడుము ఈ బాకీని తీరుస్తాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిన నిబంధన కొత్త బండ్లకే వర్తిస్తుంది కనుక, మే నెల వడగాడ్పుల్లో పాత లారీ నడిపేవారికి దాని వల్ల ఉపశమనం లేదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని నిర్దేశించిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు, ఆపైన పనివారున్న సంస్థల కోసం రూపొందింది. ఒక్క బండి మీద బతికే మనిషి తన పని గంటలను తానే లెక్కపెట్టుకోవాలి, పంట రోజుల్లో ఆ లెక్క తప్పుతుంది. ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు రాష్ట్ర ప్రభుత్వాలు ఏటా ఇస్తూ వచ్చిన ఆర్థిక సాయం లారీ యజమాని-డ్రైవరుకు అందలేదు. ఒకప్పుడు లారీకి తప్పనిసరిగా ఉండే క్లీనరు కూడా ఖర్చు తగ్గింపులో కనుమరుగవుతున్నాడు; అతనితోపాటు బండి పక్కన నిలబడి పని నేర్చుకునే పాత శిక్షణ పద్ధతీ పోతున్నది.

రేపటి రేవు

యంత్రాలతో జరిగే ఫిట్‌నెస్ పరీక్షను, అంటే బ్రేకు పట్టును రోలర్ల మీద, పొగ చిక్కదనాన్ని మీటరు మీద, దీపాల వెలుగును పరికరంతో కొలిచే విధానాన్ని, వ్యతిరేకించవలసిన అవసరం లేదు. బ్రేకు పట్టని లారీ వల్ల ముందుగా నష్టపోయేది అదే దారిలో సైకిలు మీద వెళ్లే కూలీ, బడికి నడిచే పిల్లవాడు. కానీ పరీక్ష కఠినంగా ఉండడం వేరు, పరీక్ష రాసే అర్హతకే భారీ రుసుము పెట్టడం వేరు. ఏడాదికి 200 రోజులు, రోజుకు కొద్ది దూరం తిరిగే బండి నుంచి దేశమంతా తిరిగే బండి కంటే ఎక్కువ రుసుము తీసుకుంటే, యజమాని ఆ సొమ్మును బ్రేకు లైనింగుల నుంచీ టైర్ల నుంచీ మిగుల్చుకోవలసి వస్తుంది. భద్రత కోసం పెట్టిన ఖర్చు భద్రతనే హరిస్తుంది. రుసుమును వాయిదాల్లో కట్టించుకోవడం, వేట నిషేధపు రోజుల్లో రేవు బండ్లకు త్రైమాసిక పన్నులో ఊరట, తుక్కుకు ఇచ్చే యజమానికి మరో బండి కొనుక్కునేందుకు తక్కువ వడ్డీ రుణం, రేవు దగ్గర నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న లారీ యార్డు వంటివి అసాధ్యమైన కోరికలు కావు.

బందరు ఓడరేవు పనులు 2023 మే 22న మొదలయ్యాయి. ఆ రేవు పూర్తయితే కంటైనర్లు మోసే ట్రెయిలర్లు 65వ నంబరు రహదారి మీదికి వస్తాయి, వాటిని నడిపేందుకు వేరే నైపుణ్యం, వేరే పెట్టుబడి అవసరమవుతాయి. పాత లారీ డ్రైవర్లకు ఆ శిక్షణ ముందుగానే అందిస్తే వారి అనుభవం వృథా కాదు. అప్పటికీ చెరువు కట్ట మీదికి ట్రెయిలరు రాదు, కల్లం దగ్గరికి కంటైనరు చేరదు. హౌరాలో అమ్ముడయ్యే కొల్లేరు చేప, తమిళనాడులో వండుకునే కృష్ణా బియ్యం తమ ప్రయాణంలోని మొదటి పది కిలోమీటర్లను ఇరుకు గట్ల మీద, బరువు తెలిసి, దారి తెలిసి, బండి జబ్బు తెలిసిన డ్రైవరు చేతుల్లోనే గడుపుతాయి. ఆ పది కిలోమీటర్లకు గిట్టుబాటైన కిరాయి, నమ్మదగిన బ్రేకులు, రాత్రికి నిద్ర దక్కేలా చూడడమే పాత లారీ గురించి చేయవలసిన న్యాయమైన ఆలోచన.